జ్వరం తగ్గింది... పాదం లేవలేదు!

జ్వరానికి సూది వేయించారు. జ్వరం తగ్గింది. మర్నాటి నుంచి బిడ్డ కాలు ఈడుస్తోంది. అరకు కొండల్లోనే కాదు, తెలుగునాట ఏ మూలకి వెళ్లినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. అది పోలియోనా? ఎవరైనా చేసిన చిల్లంగా? లేక సూది చేసిన గాయమా? ఆ తేడా మొదటి రోజే తెలిస్తే ఎందరో పిల్లల నడక నిలబడుతుంది.

'చిన్నప్పుడు జ్వరమొస్తే సూదేయించారు. అప్పట్నుంచీ కాలు ఇలా అయిపోయింది...'

కుంటుతూ నడిచే నడివయసు మనిషిని ఎవర్ని పలకరించినా చాలాసార్లు వినిపించే మాట ఇది. చదువుకున్నవాళ్లు ఆ మాట విని 'పోలియో అయ్యుంటుందిలే, అనవసరంగా సూదిని ఆడిపోసుకుంటున్నారు' అనుకుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కానీ అందరి విషయంలోనూ కాదు. కొన్నిసార్లు ఆ తల్లి చెప్పిందే అక్షరాలా నిజం. కాలు పడిపోవడానికి కారణం సూదే!

భయపడాల్సిన పనిలేదు. ఇది అరుదుగా జరిగే ప్రమాదం. కాకపోతే మనదేశంలో వేసే సూదుల లెక్క చూస్తే, అరుదైనది కూడా ఎక్కడో ఓ చోట జరగక తప్పదనిపిస్తుంది. ఇండియాక్లెన్ అనే వైద్య పరిశోధకుల బృందం 2000ల తొలి ఏళ్లలో దేశమంతా తిరిగి ఇంజెక్షన్ల తీరుతెన్నుల్ని పరిశీలించింది. ఏటా దాదాపు 300 కోట్ల ఇంజెక్షన్లు వేస్తున్నారనీ, వాటిలో 62.9 శాతం ఏదో ఒక రకంగా సురక్షితం కానివేననీ తేల్చింది. సరిగ్గా శుభ్రం చేయని సిరంజీ కావచ్చు, వేసే పద్ధతి తప్పు కావచ్చు. లోపం ఎక్కడున్నా ఫలితం అనుభవించేది మాత్రం రోగే.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పర్యాటకులకు అదంతా సొరంగాలు దాటే రైలూ, వలిసె పూల పసుపూ, కాఫీ తోటల నీడా. ముంచంగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల, హుకుంపేట, డుంబ్రిగుడ... ఈ మండలాల్లోని లోపలి గూడేలవాళ్లకి అదే కొండ వేరే రకంగా కనిపిస్తుంది. రోడ్డు ఎక్కడో ఆగిపోతుంది. అక్కణ్నుంచి కాళ్లే బండి. పోడుకి వెళ్లాలన్నా, ఊట నుంచి నీళ్లు తేవాలన్నా, సంతకీ బడికీ పోవాలన్నా పాదాలే దిక్కు. పాదం పైకి లేవని పిల్లకి ఆ రాళ్లదారిలో అడుగడుగునా తట్టుకుని పడటమే. మైదానంలో కుంటితనం ఓ ఇబ్బంది. కొండమీద అది బతుకుతెరువుకే అడ్డం.

ఒకటే కథ... మూడు జబ్బులు

'జ్వరం, సూది, కాలు పడిపోవడం'... ఈ మూడూ వరసగా జరిగాయంటే దాని వెనక మూడు రకాల కారణాలు ఉండొచ్చు.

మొదటిది- అసలు ఆ జ్వరమే పోలియో జ్వరం కావడం. పోలియో కూడా మామూలు జ్వరంలానే మొదలవుతుంది. కొద్దిరోజులకి కాలో చెయ్యో చచ్చుబడుతుంది. ఈలోపు జ్వరానికి ఎవరో సూది వేసి ఉంటారు. ఇక్కడ సూది చేసిన పాపమేమీ లేదు. అది దారినపోతూ సాక్షిగా నిలబడిందంతే.

రెండోది కాస్త విచిత్రం. ఒంట్లో పోలియో వైరస్ ఉన్న సమయంలో సూది గుచ్చితే, సరిగ్గా గుచ్చిన కాలే చచ్చుబడటం! 1950లో లండన్‌లో జె.కె.మార్టిన్, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో బెర్‌ట్రమ్ మెక్లాస్కీ అనే వైద్యులు ఈ సంగతిని విడివిడిగా వెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత బ్రిటన్‌లోని లీడ్స్‌కి చెందిన హెచ్.వి.వయట్ అనే శాస్త్రవేత్త మనదేశం మీద దృష్టి పెట్టాడు. పుదుచ్చేరి జిప్‌మర్ వైద్యులతో కలిసి 1992లో ఓ పరిశోధనా వ్యాసం రాశాడు. జ్వరం వచ్చిన పసిపిల్లలకి అవసరం లేని సూదులు వేయడం పోలియో పక్షవాతాన్ని పెంచుతోందన్నది దాని సారాంశం. ఎలా అన్నది 1998లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో తెలిసింది. కండకి దెబ్బ తగిలితే వైరస్ ఆ కండలోని నరం పట్టుకుని నేరుగా వెన్నుపాములోకి ఎగబాకుతుందట!

మూడోది- పోలియోకి ఏ సంబంధమూ లేనిది. సూదీ, అందులోని మందూ కలిసి నేరుగా నరాన్ని దెబ్బతీయడం. వైద్యులు దీన్ని 'ట్రామాటిక్ న్యూరైటిస్' అంటారు. సూటిగా చెప్పాలంటే సూది నరానికి చేసిన గాయం.

మనదేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చిట్టచివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అంటే మొదటి రెండు కారణాలూ దాదాపు చరిత్రలో కలిసిపోయాయి. మూడోది మాత్రం ఇంకా మన మధ్యే ఉంది. అయినా 'ఇదీ పోలియోనే, ఇక చేసేదేం లేదు' అని చాలామంది ఇంట్లోనే ఉండిపోతున్నారు. అసలు నష్టం అక్కడే జరుగుతోంది. ఎందుకంటే ఈ మూడోదానికి చేయాల్సింది చాలానే ఉంది.

ఏజెన్సీలో ఇంకో చిక్కుంది. రాత్రికి రాత్రి కాలు పడిపోతే 'ఎవరో చిల్లంగి పెట్టారు' అనే అనుమానం పుడుతుంది. దిసారి దగ్గరికి పరుగు తీస్తారు. చిల్లంగి నెపంతో మనుషుల ప్రాణాలు పోయిన ఘటనలు ఈ కొండల్లో కొత్తకాదు. కాబట్టి కాలు పడిపోవడానికి అసలు కారణం తెలియడమంటే ఒక బిడ్డ నడకని కాపాడుకోవడమే కాదు... ఏ పాపమూ ఎరగని పొరుగింటి మనిషి ప్రాణాన్ని కాపాడటం కూడా.

పిరుదులో పెద్ద తీగ

మన ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం సయాటిక్. సయాటికా నొప్పి అంటుంటారే, ఆ నరమే ఇది. నడుం దగ్గర వెన్నులోంచి వచ్చే కొన్ని నరాలు కలిసి ఇది తయారవుతుంది. పెద్దవాళ్లలో ఇంచుమించు బొటనవేలంత వెడల్పు ఉంటుంది. పిరుదు లోపలి నుంచి దిగి, తొడ వెనకగా సాగి, మోకాలికి కాస్త పైన రెండుగా చీలుతుంది. నిజానికి మొదట్నుంచీ అవి ఒకే తొడుగులో నడిచే రెండు తీగలే. లోపలివైపు తీగ పాదాన్ని కిందకి నొక్కే కండరాల్ని నడిపిస్తుంది. బయటివైపుది పాదాన్ని పైకి లేపే కండరాలకి వెళుతుంది. దారితప్పిన సూదికి ఎక్కువగా దొరికేది ఈ బయటి తీగే. అందుకే పాదం లేవదు. ముందుభాగం కిందకి వేలాడిపోతుంది. దీన్నే 'ఫుట్ డ్రాప్' అంటారు.

పిరుదు మీద ఓ ప్లస్ గుర్తు ఉన్నట్టు ఊహించుకోండి. నాలుగు గళ్లవుతాయి. పెద్దవాళ్లకి పిరుదుకే ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తే పైన, బయటివైపు ఉన్న గడిలోనే ఇవ్వాలి. కిందా, మధ్యలో నరం ఉంటుంది. వినడానికి తేలికే. కానీ పసిబిడ్డ పిరుదు ఎంతుంటుంది? మన అరచేయంత. అందులో నాలుగు గళ్లు! పైగా చోడి అంబలితో పొట్ట నింపుకునే బక్కపిల్లలకి అక్కడ కండ ఏముంటుంది? సూది పొడవు మాత్రం పెద్దవాళ్లకి వాడేదే. అమ్మ ఒళ్లో బోర్లా పడుకోబెడితే బిడ్డ గింజుకుంటుంది. చేయి జరుగుతుంది. సూది పక్కకి పోతుంది.

చిత్రమేమంటే అసలు దెబ్బ సూది మొనది కాదు, మందుది. 1979లో కెనడా న్యూరోసర్జన్లు ఎలుకల నరాల్లోకి రకరకాల మందులు ఎక్కించి చూశారు. మందు నరం పక్కన పడితే పెద్దగా హాని జరగలేదు. నరం లోపలి పోగుల్లోకి వెళితే మాత్రం కొన్ని మందులు ఆ పోగుల్ని కాల్చేసినంత పని చేశాయి. పెన్సిలిన్, డయాజిపామ్ లాంటివి ఎక్కువ హాని చేసేవాటిలో ఉన్నాయి. ఉప్పునీరు మాత్రం ఏమీ చేయలేదు. అంటే నరం ఎంత దెబ్బతింటుందన్నది మందు ఎక్కడ పడింది, అది ఏ మందు... ఈ రెండిటి మీదా ఆధారపడి ఉంటుందన్నమాట.

క్వినైన్ గాయం

ఏజెన్సీ అంటే మలేరియా. తరతరాలుగా ఈ కొండల్ని వణికించిన చలిజ్వరం అది. తీవ్రమైన మలేరియాకి ఒకప్పుడు పెద్ద దిక్కు క్వినైనే. అది లక్షల ప్రాణాలు నిలబెట్టిన మందు, సందేహం లేదు. కానీ ఇంజెక్షన్ రూపంలో అది బాగా ఆమ్ల గుణం ఉన్న ద్రవం. కండలోకి నేరుగా ఎక్కిస్తే కండనే తినేస్తుంది. నరం దగ్గర పడితే ఇక చెప్పేదేముంది!

ఆఫ్రికాలోనూ ఇదే కథ. మలేరియా జ్వరానికి పిరుదులో క్వినైన్ ఇంజెక్షన్ వేశాక కాలు చచ్చుబడిన పిల్లల గురించి ఉగాండా వైద్యులు 1990ల చివర్లోనే రాశారు. క్వినైన్‌ని కండకి ఇవ్వక తప్పకపోతే మందుని పలచన చేసి, తొడ ముందుభాగంలోనే ఇవ్వాలనీ, పిరుదులో వేయకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

ఇప్పుడు ఆ అవసరం కూడా బాగా తగ్గింది. 2005లో వెలువడిన ఓ భారీ అధ్యయనం తీవ్ర మలేరియా చికిత్సని మలుపు తిప్పింది. భారత్, బంగ్లాదేశ్, మయన్మార్, ఇండోనేషియాల్లో 1,461 మంది రోగుల మీద అది జరిగింది. మనదేశంలో అందుకు వేదికైంది మనకి పొరుగునే ఉన్న ఒడిశాలోని రూర్కెలా ఆసుపత్రి. క్వినైన్ ఇచ్చినవారిలో 22 శాతం మంది చనిపోతే, ఆర్టిసునేట్‌ని నరానికి ఎక్కించినవారిలో ఆ సంఖ్య 15 శాతమే. 2010లో ఆఫ్రికా పిల్లల మీద జరిగిన పరిశోధనా అదే చెప్పింది. ఆర్టిసునేట్‌కి మూలమైన మందుని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తు యుయుకి 2015లో నోబెల్ బహుమతి దక్కింది.

మన ఇళ్లకి సంబంధించి ఇందులో ముఖ్యమైన మాట ఒకటుంది. తీవ్రం కాని మలేరియాకి అసలు సూదే అక్కర్లేదు! ఫాల్సిపారం రకమైతే 3 రోజుల ఏసీటీ మాత్రలు. వైవాక్స్ అయితే 3 రోజులు క్లోరోక్విన్, మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్. పసికందులకీ గర్భిణులకీ ప్రైమాక్విన్ ఇవ్వరు కాబట్టి మాత్రలేవైనా ఆరోగ్య సిబ్బంది చెప్పినట్టే వాడాలి. రక్తం చుక్కతో చేసే పరీక్ష కిట్టు ఆశ కార్యకర్త దగ్గరే ఉంటుంది. ఫలితం నిమిషాల్లో తేలిపోతుంది. వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా అప్పుడు ఇంజెక్షన్ కావాలి. అయితే అది సంతలో వేయించుకునేది కాదు, ఆసుపత్రిలో చేర్చి ఇవ్వాల్సింది.

గుర్తుపట్టేదెలా?

సూది నరాన్ని తాకితే చాలామందికి ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. కాలంతా మంటలు. అలాంటప్పుడు పెద్దవాళ్లయితే 'ఆపండి' అని అరిచేస్తారు. సూది వేస్తున్నవాళ్లు కూడా మందు ఎక్కించడం ఆపేసి, వెంటనే సూది బయటికి తీసేయాలి. పసిపిల్లలతోనే సమస్య. సూది వేస్తే ఏ బిడ్డైనా ఏడుస్తుంది. ఆ ఏడుపూ ఈ ఏడుపూ ఒకేలా ఉంటాయి. కొద్దిమందిలో నొప్పి, బలహీనత కొన్ని గంటలు ఆలస్యంగా కూడా మొదలవుతాయి.

అందుకే పిరుదుకి సూది వేయించిన రోజు సాయంత్రం, మర్నాడు ఉదయం ఈ నాలుగూ చూడండి.

* బిడ్డని మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టండి. పాదం పైకెత్తమనండి. రెండు పాదాలూ సమానంగా లేస్తున్నాయా?

* మడమల మీద నడిచే ఆట ఆడించండి. ఒక పాదం ముందుభాగం నేలకి ఆనిపోతోందా?

* చెప్పు మాటిమాటికీ జారిపోతోందా? వేళ్లు నేలకి రాసుకోకుండా మోకాలు బాగా పైకెత్తి అడుగేస్తోందా?

* కళ్లు మూయించి పాదం పైభాగాన్ని దూదితో తాకండి. రెండు పాదాల్లో స్పర్శ ఒకేలా ఉందా?

నడక రాని పసిబిడ్డ అయితే అరికాలిని వేలితో గీయండి. ఒక పాదం కదిలి, రెండోది వాలిపోయి ఉంటే అనుమానించాలి.

ఇంతకీ ఇది పోలియో కాదని వైద్యులు ఎలా తేలుస్తారు? సూది గాయమైతే సాధారణంగా సూది పడిన కాలొక్కటే దెబ్బతింటుంది. గంటల్లోనే మొదలవుతుంది. నొప్పీ తిమ్మిరీ ఉంటాయి. మడమ దగ్గర సుత్తితో కొడితే కాలు స్పందించదు, మోకాలి దగ్గర మాత్రం స్పందిస్తుంది. పోలియోలో జ్వరం ఉంటుంది, కండలు నొప్పి పెడతాయి, కానీ స్పర్శ పోదు. గీలన్ బరే సిండ్రోమ్ అనే మరో జబ్బులో రెండు కాళ్లూ ఒకేసారి బలహీనమవుతాయి. ఆ నీరసం కిందినుంచి పైకి పాకుతుంది. ఊపిరి కూడా కష్టం కావచ్చు. అలా రెండు కాళ్లూ పట్టుతప్పుతుంటే క్షణం ఆలస్యం చేయకూడదు. 108కి ఫోన్ చేయాల్సిందే.

15 ఏళ్లలోపు పిల్లలకి ఉన్నట్టుండి కాలో చెయ్యో వాలిపోతే ఆ సంగతి ఆరోగ్యశాఖకి తెలియాలి. పోలియో పోయినా అది మళ్లీ రాలేదని నిర్ధారించుకోవడానికి దేశమంతా ఈ నిఘా కొనసాగుతోంది. పక్షవాతం వచ్చిన 14 రోజుల్లోపు, 24 గంటల తేడాతో రెండుసార్లు బిడ్డ మలం తీసుకుని పరీక్షకి పంపిస్తారు. మలం అడిగితే విసుక్కోకండి, ఇవ్వండి. ఆ నెపంతోనైనా బిడ్డని పెద్ద డాక్టరు చూస్తారు. కాబట్టి ఏఎన్ఎంకో ఆశ కార్యకర్తకో అదేరోజు చెప్పడం మంచిది.

ఆ రోజు ఏం చేయాలి?

కాలు వాలిందని తెలియగానే ప్రతి ఇంట్లోనూ జరిగేవి రెండు. ఒకటి కాపడం. రెండోది గట్టిగా మర్దనా. రెండూ వద్దు. స్పర్శ లేని చర్మానికి వేడి తెలియదు. ఇటుకో ఉప్పుమూటో వేడిచేసి పెడితే బొబ్బలెక్కిపోతుంది. సూది పడినచోట గట్టిగా పిసికితే వాపు ఇంకా పెరుగుతుంది. పసరు పోసి కట్లు బిగించడమూ అంతే.

'బలానికి' మళ్లీ అదే పిరుదులో సూదులు వేయించడం ఇంకో పొరపాటు. దెబ్బతిన్న నరాన్ని బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు అతికించలేవు.

చేయాల్సినవి తేలికైనవే. ఏ మందు, ఏ వైపు, ఎన్నింటికి వేశారో రాసుకోవాలి. చీటీ, ఖాళీ మందుసీసా ఉంటే దాచాలి. సూది వేసినవాళ్లతో గొడవకి ఇది సమయం కాదు. మందు పేరు చెప్పమని నెమ్మదిగా అడిగితే వైద్యానికి పనికొస్తుంది. ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకీ, అక్కణ్నుంచి పెద్దాసుపత్రికీ వెళ్లాలి. బిడ్డ పడుకున్నప్పుడు పాదం కిందకి వాలిపోకుండా మెత్తటి గుడ్డ చుట్టిన దిండో చెక్కో ఆనించి, పాదం కాలికి నిటారుగా 'ఎల్' ఆకారంలో ఉండేలా చూడాలి.

నరానిది నత్తనడక

దెబ్బతిన్న నరం మళ్లీ పెరుగుతుంది. అయితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. అంటే నెలకి ఓ అంగుళం! పిరుదు దగ్గర దెబ్బ తగిలితే పిక్క ముందున్న కండల దాకా నరం పోగులు పాకాలి. పెద్దవాళ్లకి ఇందుకు ఏడాది దాటిపోవచ్చు. పిల్లల కాలు పొట్టిది కాబట్టి దూరం తక్కువ. అందుకే వాళ్లు కోలుకునే అవకాశం మెరుగ్గా ఉంటుంది. దెబ్బ పైపైనే ఉంటే కొన్ని వారాల్లోనే పాదం లేవడం మొదలవుతుంది.

ఈ ఎదురుచూపుల కాలమే అసలు పరీక్ష. నరం నెమ్మదిగా దిగివస్తుంటే, ఈలోపు పాదం వాలిపోయి మడమ వెనకున్న కండ బిగుసుకుపోతుంది. తీరా నరం చేరేసరికి కీలు కదలదు! దాన్ని ఆపేవి రెండే. ఒకటి, పాదాన్ని నిటారుగా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు. రెండోది, రోజుకి నాలుగైదుసార్లు చీలమండని చేత్తో నెమ్మదిగా పైకీ కిందకీ కదిలించే వ్యాయామం. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపిస్తే అమ్మ అయినా నాన్నమ్మ అయినా చేయొచ్చు. పెద్దగా ఖర్చులేని ఈ పని మానేయడం వల్లే చాలామంది పిల్లల పాదాలు శాశ్వతంగా వంకరపోతున్నాయి.

ఇంకో జాగ్రత్త- చెప్పుల్లేని నడక. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి దీపం వెలుగులో అరికాలు చూడాలి. చిన్న గాటు కనిపించినా కడిగి కట్టు కట్టాలి.

నరాల పరీక్ష గురించి కూడా తెలుసుకోవాలి. నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష, కండలోని కదలికల్ని చూసే ఈఎంజీ... ఈ రెంటినీ దాదాపు మూడు వారాలు ఆగి చేస్తే దెబ్బ ఎంతన్నది స్పష్టంగా తెలుస్తుంది. మొదటి రోజుల్లో చేస్తే తప్పుదోవ పట్టించొచ్చు. విశాఖ కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లోని న్యూరాలజీ విభాగాల దగ్గరికి ఇందుకోసం వెళ్లాల్సి ఉంటుంది. మంటలూ పోట్లకి మామూలు నొప్పి మాత్రలు సరిగా పనిచేయవు. నరాల నొప్పికి వేరే మందులున్నాయి, డాక్టరు రాసిస్తారు.

పాదం అప్పటికీ లేవకపోతే...

మూడు నుంచి ఆరు నెలలు గడిచినా కోలుకుంటున్న సూచనలే లేకపోతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నరాన్ని తెరిచి చూసి, చుట్టూ బిగుసుకున్న మచ్చకండని తొలగిస్తారు. నరం పూర్తిగా చెడిపోయిన చోట మరోచోటి నుంచి తెచ్చిన నరం ముక్క అతికిస్తారు. ఏడాది, రెండేళ్లు దాటాక నరం ఆపరేషన్ వల్ల ప్రయోజనం తక్కువ. 'చూద్దాంలే' అనుకుంటే తలుపు మూసుకుపోయేది అందుకే.

అప్పుడు కూడా దారి లేకపోలేదు. బాగా పనిచేస్తున్న ఒక కండ తాడుని దారి మళ్లించి పాదం పైభాగానికి కుట్టే ఆపరేషన్ ఉంది. కుష్ఠు వల్ల పాదం వాలిపోయినవారికి మనదేశంలో ఎన్నో ఏళ్లుగా ఇది చేస్తున్నారు. కుష్ఠు రోగుల చేతులూ కాళ్లూ ఇలాంటి శస్త్రచికిత్సలతో బాగుచేయొచ్చని 1940ల చివర్లో వెల్లూరు సీఎంసీలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రపంచానికి చాటాడు. సూది గాయంతో వాలిన పాదానికీ అదే పద్ధతి పనికొస్తుంది. కాబట్టి పదేళ్ల కిందట దెబ్బతిన్నవాళ్లు కూడా 'మాకింక ఇంతే' అనుకోకుండా ఓసారి ఎముకల డాక్టరుకి చూపించుకోవచ్చు. వైకల్యం మిగిలిపోతే సదరం ధ్రువపత్రం తీసుకోవాలి. ప్రభుత్వ పింఛనుకీ ఇతర సాయాలకీ అదే ఆధారం.

టీకాలకి ముడిపెట్టొద్దు

ఇదంతా చదివాక 'అయితే మా పాపకి టీకాలు మాన్పించేస్తాం' అనుకునేవాళ్లు ఉంటారు. అలా చేస్తే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే! పసిపిల్లలకి కండకిచ్చే టీకాలు పిరుదులో వేయరు. తొడ ముందు, బయటివైపు వేస్తారు. అక్కడ ప్రధానమైన నరమేదీ లేదు. పసిబిడ్డలో కూడా కండ తగినంత ఉంటుంది. టీకా వేసినచోట వాపు, ఒకట్రెండు రోజులు జ్వరం మామూలే. ఆ కాలు కదపడానికి బిడ్డ మొరాయించినా పాదం మాత్రం లేస్తూనే ఉంటుంది. పోలియోని తరిమేసింది కూడా టీకాలే కదా.

మరి మనం అడగాల్సింది ఏమిటి? 'సూదెయ్యండి బాబూ' అని కాదు. 'మాత్రతో తగ్గదా?' అని. సూది పడితేగానీ జ్వరం తగ్గదన్న నమ్మకం గూడెంలోనే కాదు, విశాఖ మేడల్లోనూ ఉంది. అడిగేవాళ్లు ఉన్నంతకాలం వేసేవాళ్లూ ఉంటారు. ఇంజెక్షన్ నిజంగా అవసరమైతే పసిబిడ్డకి తొడలో వేయమని అడగండి. పెద్దవాళ్లకి మందు కొద్దిగా అయితే భుజం కండలో, భుజం ఎముకకి రెండుమూడు వేళ్ల కింద వేయించుకోవచ్చు. అంతకన్నా కిందకీ వెనక్కీ పోతే అక్కడా ఓ నరం ఉంది. అది దెబ్బతింటే మణికట్టు వాలిపోతుంది. పిరుదుకే వేయాలంటే నిలబడి ప్యాంటు కాస్త కిందకి లాగితే సరిపోదు. పడుకుని, పిరుదు పూర్తిగా కనిపించేలా ఉంచాలి. అప్పుడే సూది సరైన గడిలో దిగుతుంది.

సూది పడుతుండగా కాలంతా జివ్వుమంటే సిగ్గుపడకుండా 'ఆపండి' అనాలి. బిడ్డకైతే ఆ సాయంత్రం మడమల నడక ఆట ఆడించాలి. ఆ ఆటకి రెండు నిమిషాలు చాలు. పాదం వాలిందని ఆ రోజే తెలిస్తే, నరం కోలుకునేదాకా చీలమండ బిగుసుకుపోకుండా చూసుకోవచ్చు. ఆర్నెల్లకి తెలిస్తే ఆ అవకాశం సగం చేజారిపోయినట్టే.